నాన్న డైరీలో జీనా బాకావర్

గరాజ్ సర్దుతుంటే నాన్న డైరీ దొరికింది. 2006లో అమ్మా నాన్నా మా ఇంటికొచ్చి ఆర్నెల్లు ఉన్నప్పుడు రాసుకున్నది. ముందు పేజీల్లో బీపీ రీడింగులు, విజయనగరం ఫోన్ నంబర్లు, అమ్మ షుగర్ మాత్రల లెక్క. మధ్యలో ఒక పేజీ మాత్రం వేరేగా ఉంది. పైన పెద్ద అక్షరాలతో "జీనా బాకావర్, గ్రీసు దేశం" అని రాసి, రెండు గీతలు గీసి, ఆ కింద వరసగా ఊరు, గురువులు, తొలి కచేరీలు, మెచ్చుకున్నవారు, శిష్యులు.

ఏ విద్వాంసుడి గురించైనా నాన్న ఇలాగే రాసుకునేవారు. ఆయన తాలూకాఫీసులో గుమస్తా. సాయంత్రాలు వీధరుగు మీద కూర్చుని పిల్లలకి వయొలిన్ చెప్పేవారు. ద్వారం వెంకటస్వామినాయుడు గారు పాఠం చెప్పిన ఊళ్లో పుట్టి పెరిగిన మనిషి కదా, వయొలిన్ మనది కాదని ఎవరైనా అంటే ఆ పూట వాళ్లకి కాఫీ దక్కేది కాదు. కొత్త కళాకారుడి పేరు చెవిన పడితే ఆయన మొదట అడిగేది "గురువెవరు?" అని. మిగతావన్నీ ఆ తర్వాతే.

మేము అమెరికాలో యూటా రాష్ట్రానికి, సాల్ట్‌లేక్ సిటీకి వచ్చింది 1998లో. మా అమ్మాయిని పియానోకి పంపడం మొదలెట్టినప్పటి నుంచీ ఈ బాకావర్ అనే మాట వింటూనే ఉన్నాను. "బాకావర్ వస్తోంది, పిల్లని తీసుకెళ్లండి" అని టీచర్ చెప్పేది, మా ఊళ్లో పైడితల్లి సిరిమాను వస్తోందన్నట్టుగా. దేశదేశాల నుంచి కుర్రాళ్లు వచ్చి పాల్గొనే పియానో పోటీ అని తెలుసు. పేరు మాత్రం ఏ బ్యాంకుదో, డబ్బిచ్చిన ఏ పెద్దమనిషిదో అనుకున్నాను. ఇక్కడ హాలుకీ, ఆస్పత్రి వార్డుకీ, పార్కులో బెంచీకీ కూడా దాతల పేర్లే ఉంటాయి మరి. అలా ఎనిమిదేళ్లు గడిచాయి. ఇప్పుడు తల్చుకుంటే కొంచెం సిగ్గుగానే ఉంటుంది.

ఆ ఏడాది జూన్‌లో పోటీకి వాలంటీర్లు కావాలంటే నా పేరిచ్చాను. నాన్న దగ్గర మూడేళ్లు కూర్చుని జంట వరసలతో ఆపేసిన ఘనత నాది, కాబట్టి సంగీతం పనులేవీ నాకు చేతకావు. కారు నడపడం వచ్చు. పోటీకి వచ్చిన పిల్లల్ని ప్రాక్టీసు చేసుకునే చోట దింపడం, టైముకి హాలుకి చేర్చడం నా డ్యూటీ. నాన్న ముందు సీట్లో ఎక్కి కూర్చునేవారు. "ఇంట్లో ఉంటే ఏటి చెయ్యనమ్మా? ఆ కొండల్ని ఎంతసేపని చూడను?" అనేవారు.

మొదటి రోజు ఒక కుర్రాడిని ఎక్కించుకున్నాం. ఇరవై రెండేళ్లుంటాయేమో. వెనక సీట్లో కళ్లు మూసుకుని మోకాళ్ల మీద వేళ్లు ఆడిస్తున్నాడు. ఎడమ చేతిది ఒక నడక, కుడి చేతిది ఇంకో నడక. నాన్న మెడ తిప్పి అలాగే చూస్తూ ఉండిపోయారు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, "ఎడమది మూడు, కుడిది నాలుగు వేస్తున్నాడమ్మా. మళ్లీ ఎత్తుగడ దగ్గర రెండూ కలుస్తున్నాయి చూడు" అన్నారు. నేను రోడ్డు చూడాలా, వాడి మోకాళ్లు చూడాలా? దిగేటప్పుడు నాన్న వాడి భుజం తట్టి "విజయోస్తు" అన్నారు. వాడు థ్యాంక్యూ అన్నాడు.

మొదటి రౌండ్లు రోజ్ వాగ్నర్ సెంటర్‌లో. మధ్యాహ్నం పూట, అదీ పని రోజు, సీట్లు చాలా ఖాళీ. కచేరీకి వెళ్తే ముందు తలలు లెక్కపెట్టడం నాన్న అలవాటు. "మనతో కలిపి నలభై ఒక్కరు" అని నా చెవిలో చెప్పారు. వాడు వాయించడం మొదలెట్టగానే ఒళ్లో చెయ్యి పెట్టుకుని తాళం వెయ్యబోయారు. కాసేపు పట్టుకున్నారు, వదిలేశారు, మళ్లీ పట్టుకున్నారు. చివరికి చేతులు కట్టేసుకున్నారు. "కాలం సాగదీస్తున్నాడు, మళ్లీ ముడుచుకుంటున్నాడు. లెక్కకి దొరకడు" అన్నారు. ఆ గొంతులో ఫిర్యాదు ఉందో మెప్పు ఉందో నాకు అర్థం కాలేదు.

ప్రోగ్రాం పుస్తకంలో ఒక నలుపు తెలుపు ఫొటో ఉంది. భారీ మనిషి, నల్లని జుట్టు వెనక్కి దువ్వి ఉంది.

"ఎవరమ్మా ఈవిడ?"

"ఆవిడ పేరు మీదే ఈ పోటీ నాన్నా."

"గురువెవరు?"

నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి ఇద్దరం కంప్యూటర్ ముందు కూర్చున్నాం. మర్నాడు డౌన్‌టౌన్ లైబ్రరీకి కూడా వెళ్లాం. నేను చదివి తెలుగులో చెప్పడం, ఆయన రాసుకోవడం.

పుట్టింది ఏథెన్స్‌లో. తండ్రి వైపు ఆస్ట్రియా, తల్లి వైపు ఇటలీ. "మరి గ్రీకు ఏదీ?" అన్నారు నాన్న. ఏథెన్స్‌లోనే పుట్టింది, అక్కడే పెరిగింది, అక్కడే నేర్చుకుంది అన్నాను. "అయితే గ్రీకే" అని రాసుకున్నారు. పుట్టిన ఏడు కొన్ని పుస్తకాల్లో 1913, కొన్నిటిలో 1910. నాన్న పెద్దగా ఆశ్చర్యపోలేదు. ఆయన సర్టిఫికెట్‌లో ఉన్న పుట్టినరోజు కూడా బడిలో వేసినప్పుడు మేస్టారు పెట్టిందే.

గురువుల దగ్గరికి వచ్చేసరికి ఆయన నిటారుగా కూర్చున్నారు. ఏథెన్స్ కన్సర్వేటరీలో వోల్డెమార్ ఫ్రీమన్. తర్వాత పారిస్ వెళ్లి ఆల్ఫ్రెడ్ కోర్టో దగ్గర. కోర్టో అంటే ఆ కాలంలో షోపాన్ సంగీతానికి పెద్ద దిక్కు. ఆ తర్వాత రఖ్మానినోఫ్. ఈ పేరు మా అమ్మాయి పుణ్యమా అని నాన్న అప్పటికే విని ఉన్నారు. విప్లవం తర్వాత రష్యా వదిలి, బతుకుతెరువు కోసం ఊరూరా కచేరీలు చేస్తూ తిరిగిన మహానుభావుడు. ఒక చోట ఉండి పాఠం చెప్పే తీరిక ఆయనకి లేదు. 1930లలో ఆయన యూరప్‌లో ఎక్కడ దొరికితే అక్కడికి ఈ అమ్మాయి వెళ్లి పాఠం చెప్పించుకునేది.

"గురుకులమే. కాకపోతే ఆశ్రమం రైలెక్కి తిరుగుతోంది" అన్నారు నాన్న.

తర్వాతవి గబగబా చదివాను. 1933లో వియన్నా పోటీలో పతకం. 1935లో ఏథెన్స్‌లో మిత్రోపూలస్ నడిపిన ఆర్కెస్ట్రాతో కచేరీ. ఈ మిత్రోపూలసే తర్వాత అమెరికా వచ్చి న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్‌ని నడిపాడు. 1937లో పారిస్‌లో పియేర్ మోంటో నడిపిన ఆర్కెస్ట్రాతో. ఇక పేరు వచ్చేసినట్టే అనుకునే వేళకి యుద్ధం వచ్చింది. 1941లో జర్మన్లు గ్రీసుని ఆక్రమించారు. యుద్ధకాలం ఆవిడ ఈజిప్టులో, అలెగ్జాండ్రియాలో గడిపింది. అక్కడ మిత్రరాజ్యాల సైనికుల కోసం ఆరు వందలకి పైగా కచేరీలు చేసింది.

నాన్న పెన్ను ఆపారు. "ఆరొందలా? నాలుగేళ్లనుకున్నా ఏడాదికి నూట యాభై. మూడు రోజులకి ఒకటి కంటే ఎక్కువేనమ్మా." డైరీ అంచున ఆ భాగహారం ఇప్పటికీ ఉంది.

ఆయన రెండో అనుమానం పియానో గురించి. ఆ ఎండకీ ఇసుకకీ శ్రుతి నిలుస్తుందా అని. ఈ ఒక్క విషయంలో నేను పండితురాలిని. యూటా గాలిలో తడి ఉండదు. చెక్క ఎండిపోయి శ్రుతి జారిపోతుందని మా పియానో ట్యూనర్ పెట్టె లోపల తడి ఉంచే చిన్న యంత్రం బిగించి వెళ్లాడు. దాని డబ్బాలో నీళ్లు అయిపోతే లైటు వెలుగుతుంది. పియానోలో ఎనభై ఎనిమిది మెట్లకి రెండు వందలకి పైగా తీగలు. చాలా స్వరాలకి మూడేసి తీగలు. ఆ మూడిట్లో ఒకటి వెంట్రుకవాసి దిగినా స్వరం గీపెడుతుంది. నాలుగు తీగల మనిషికి ఇదంతా వినేసరికి కళ్లు పెద్దవయ్యాయి. మర్నాటి నుంచి ఆ డబ్బాలో నీళ్లు పొయ్యడం ఆయన తన పనిగా పెట్టుకున్నారు. పొద్దున్నే స్నానం చేసి, తులసికోటకి పోసినంత శ్రద్ధగా.

1946లో లండన్, రాయల్ ఆల్బర్ట్ హాలు. ఆ రోజు ఆర్కెస్ట్రాని నడిపించినాయన ఆలెక్ షెర్మన్. అయిదేళ్ల తర్వాత ఆయన్నే పెళ్లి చేసుకుంది. అమ్మ వంటింట్లోంచి "మొదటాయన ఏమయ్యాడు?" అని కేకేసింది. అంతదాకా వినట్లేదనుకున్నాం. మొదటాయన పోయాడని చెబితే "అయ్యో పాపం" అని మళ్లీ పోపు వేసుకుంది.

తర్వాత న్యూయార్క్. 1950, టౌన్ హాల్. పదిహేను వందల మంది పట్టే హాలు. ఈ దేశంలో ఆవిడెవరో అప్పటికి ఎవరికీ తెలీదు. వచ్చినవాళ్లు ముప్ఫై అయిదు మంది.

నాన్న మళ్లీ చెప్పమన్నారు. ముప్ఫై అయిదే అన్నాను. అంకె రాసి చుట్టూ సున్నా చుట్టారు. మర్నాడు పేపర్లలో విమర్శకులు ఆవిడని ఆకాశానికెత్తారు, అక్కడి నుంచి అమెరికాలో వెనక్కి తిరిగి చూసుకోలేదు అని నేను చదువుతున్నాను. ఆయన వినడం లేదు. "ఆ ముప్ఫై అయిదు మందిలో విమర్శకులెంతమందంటావు?" అన్నారు. అప్పుడు తన సంగతి ఒకటి చెప్పారు. నేను అంతకు ముందెప్పుడూ వినలేదు. బొబ్బిలి దగ్గర ఒక పల్లెలో రామనవమి పందిరి. నాన్న పక్కవాద్యం. సాయంత్రం గాలివాన పట్టుకుంది. మైకు పోయింది. మిగిలినవాళ్లు తొమ్మిది మంది, అందులో ఒకడు షామియానా వాడు, వాడు తన గుడ్డ కోసం ఆగాడు. పాడేవాయన "ఎలాగూ తడిశాం, తోడి పాడదాం" అని రాత్రి రెండు దాకా కూర్చోబెట్టేశాడట. "బత్తెం కూడా ఇవ్వలేదు, కొబ్బరికాయలిచ్చారు. ఆరు" అని నవ్వారు.

మా కుర్రాడు రెండో రౌండుకి వెళ్లలేదు. ఎయిర్‌పోర్టుకి దింపే పని కూడా నాకే పడింది. ఈసారి దారంతా వేళ్లు కదల్లేదు. అమ్మ కట్టిచ్చిన పులిహోర పొట్లం వాడి చేతిలో పెట్టి, ఈ న్యూయార్క్ కథ చెప్పమని నాన్న నన్ను మోచేత్తో పొడిచారు. చెప్పాను. వాడికి తెలుసట, మొహమాటానికి తలూపాడు. అప్పుడు నాన్న వెనక్కి తిరిగి తన ఇంగ్లీషులో "యూ, ఫార్టీ వన్. సిక్స్ మోర్" అన్నారు. వాడికి అర్థం కావడానికి రెండు సిగ్నళ్లు పట్టింది. అర్థమయ్యాక నవ్వాడు. పులిహోర కార్లోనే తినేశాడు, వేరుశనగ గింజ కూడా మిగల్చకుండా.

ఆవిడ వాయిద్యం వినందే ఈ రాతలెందుకు అని నాన్న గొడవ. మా వీధి చివర పాత సామాన్ల కొట్టులో ఎల్పీ రికార్డులు డాలరుకొకటి అమ్మేవారు. ఒక శనివారం గంటన్నర వెతికితే మెర్క్యురీ కంపెనీ వాళ్లది దొరికింది, అట్ట ఒక మూల ఎలక కొట్టింది. అదే కొట్టులో పది డాలర్లకి ప్లేయర్ కూడా కొన్నాం. రవేల్ అనే ఫ్రెంచి స్వరకర్త 1908లో రాసిన మూడు భాగాల రచన అది, 'గాస్పార్ ద లా న్వీ'. పియానోకి రాసినవాటిల్లో అతి కష్టమైనవాటిల్లో ఒకటిగా చెబుతారు. అంతకు ముందు బలాకిరేవ్ రాసిందొకటి వాయించలేక అందరూ హడలిపోయేవారట, దానికంటే కష్టంగా రాయాలని పంతం పట్టి రాశాడు రవేల్. మూడు భాగాలకీ బెర్త్రాన్ అనే ఫ్రెంచి కవి రాసిన మూడు కవితలు మూలం. ఈ రికార్డులో ఒక్కో భాగానికి ముందు ఆ కవితని జాన్ గిల్‌గుడ్ చదువుతాడు. గాంధీ గారి మీద వచ్చిన ఇంగ్లీషు సినిమాలో వైస్రాయ్ ఇర్విన్ వేషం వేసిన నటుడు.

"పద్యం చదివి, తర్వాత వాయించడం. బావుంది పద్ధతి" అని నాన్న కుర్చీలో సర్దుకున్నారు.

మొదటిది నీటికన్య. కిటికీ అద్దం మీద చినుకులు పడుతున్నట్టు కుడిచెయ్యి వణుకుతూ ఉంటుంది, దాని కింద పాట సన్నగా లేస్తుంది. ఆ బరువైన మనిషి వేళ్ల నుంచా ఇంత నీరు అనిపించింది. రెండోది ఉరికొయ్య. పొద్దు గూకుతుంటే ఉరికి వేలాడుతున్న శవం, దూరంగా ఊరి గోడల మీద గంట. ఆ గంట ఒకే స్వరం. మొదలు నుంచి చివరి దాకా అదే స్వరం, హెచ్చదు, తగ్గదు, తొందరపడదు. దాని పైనా కిందా ఏవేవో కదులుతుంటాయి, గంట మాత్రం తన పని తను చేసుకుపోతుంది. నాన్న లేచి లోపలికెళ్లి వయొలిన్ పెట్టెలోంచి పిచ్‌పైపు తెచ్చి ఊది చూశారు.

"ఆరున్నర శ్రుతమ్మా. ఇది గంటేటి, తంబురా. తంబురా మీటుకుంటూ ఆవిడే పాడుకుంటోంది."

ఇద్దరం అలా వింటూ ఉండిపోయాం. గంట మోగుతోంది. అమ్మ వచ్చి కాఫీ పెట్టి వెళ్లింది. గంట మోగుతోంది. కాఫీ అయిపోయింది. అప్పుడు అనుమానం వచ్చి చూస్తే గీత పడ్డ చోట సూది ఇరుక్కుపోయి ఉంది. ఎంతసేపటి నుంచి ఒకే చోట తిరుగుతోందో! నాన్నకి చెబితే ఒప్పుకోలేదు. "ఆపకపోతే నాకు ఇంకో గంట కూడా పట్టేది" అన్నారు. సూది ఎత్తి పక్కన పెడితే మూడోది మొదలైంది. అదొక మరుగుజ్జు పిశాచం, అర్ధరాత్రి గదంతా గిరగిరా తిరుగుతుంది. అది వింటున్నంతసేపూ ఆయన రెండు చేతులతో కుర్చీ పట్టుకుని కూర్చున్నారు. అయ్యాక మాత్రం మళ్లీ రెండోదే పెట్టమన్నారు, ఆ గీతతో సహా. ఆ వేసవంతా మా ఇంట్లో ఆ గంటే.

బ్రామ్స్ రెండో కన్చెర్టో, అంటే ఆర్కెస్ట్రాతో కలిసి పియానో వాయించే రచన, ఆవిడ 1962లో స్క్రోవాచెవ్‌స్కీ నడిపిన లండన్ సింఫనీతో రికార్డు చేసిందని, అది చాలా పేరున్నదని తర్వాత తెలిసింది, విన్నాను కూడా. పెద్ద చేతులు, పెద్ద మోత, తొణకని నడక. అయినా నాకు ఆవిడ పేరు చెబితే ఆ గీత పడ్డ గంటే గుర్తొస్తుంది.

శిష్యుల గడి చాలా రోజులు ఖాళీగా ఉండిపోయింది. ఒకరోజు లైబ్రరీలో చదువుతుంటే గ్రీసు రాజకుమారి ఐరీన్ ఈవిడ దగ్గరే పియానో నేర్చుకుందని, కచేరీలు కూడా ఇచ్చిందని ఉంది. రాజుగారి కూతురంటే మామూలే కదా అని నేను తేలిగ్గా చెప్పేశాను.

"తల్లి పేరు?"

"ఫ్రెడెరికా. రాణి."

నాన్న తొడ చరిచారు. లైబ్రరీలో నలుగురు తిరిగి చూశారు. "కాళహస్తి వచ్చిందమ్మా ఆవిడ! కంచి పెద్ద స్వామివారిని చూడ్డానికి. పేపర్లో చదివాను. రాణీ, కూతురూ ఇద్దరూ." నేను నమ్మలేదు. గ్రీసు రాణి ఏమిటి, శ్రీకాళహస్తి ఏమిటి? వెతికితే నిజమే. 1966 చివర్లో చంద్రశేఖరేంద్ర సరస్వతి స్వామి శ్రీకాళహస్తిలో ఉన్నప్పుడు తల్లీ కూతుళ్లు వచ్చి కలిశారు. రాణిగారికి అద్వైతం మీద ఆసక్తి. మద్రాసు విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్రం చెప్పిన టి.ఎం.పి.మహదేవన్ గారి దగ్గర చదువుకున్నారు. గ్రీసులో రాజరికం పోయి కుటుంబం ప్రవాసంలో ఉన్న కాలంలో ఐరీన్ తల్లితో పాటు మద్రాసులో ఏళ్ల తరబడి ఉంది. 1981లో తల్లి పోయాక స్పెయిన్ వెళ్లిపోయింది. అప్పట్లో అక్కడి రాణి సోఫియా ఈవిడ అక్కే.

అంటే రఖ్మానినోఫ్ శిష్యురాలి శిష్యురాలు మద్రాసు ఎండల్లో శంకరభాష్యం చదువుకుందన్నమాట. నాన్న ఆ రోజు లైబ్రరీ నుంచి ఇంటికొచ్చేదాకా ఇదే మాట. విజయనగరం ఫోన్ చేసి మా పెద్దనాన్నకి చెప్పారు, ఆయన "ఎవరూ?" అంటే మళ్లీ మొదటి నుంచి చెప్పారు. ఆ నెల ఫోన్ కార్డు అక్కడికే అయిపోయింది.

ఫైనల్స్ అబ్రవనెల్ హాల్లో. లాబీలో ఎర్ర గాజుతో చేసిన శిల్పం ఉంటుంది, 2002 ఒలింపిక్స్ అప్పుడు పెట్టింది. దాని ముందు నిలబడి నాన్న "మిరపకాయలు ఎండబెట్టినట్టున్నారు" అన్నారు. ఆ హాలు పేరు కూడా గ్రీసుతో ముడిపడ్డదే. మోరిస్ అబ్రవనెల్ పుట్టింది థెస్సలొనీకీలో. 1947 నుంచి 1979 దాకా యూటా సింఫనీని నడిపించాడు. ఆయనతో స్నేహం వల్లే బాకావర్ ఎన్నోసార్లు ఇక్కడికొచ్చి వాయించింది. పోటీ 1976లో ప్రోవోలో మొదలైంది, పాల్ పొల్లై అనే పియానో ప్రొఫెసర్ మొదలెట్టాడు. ఆవిడ పోయాక ఆవిడ పేరు పెట్టారు. తర్వాత సాల్ట్‌లేక్‌కి మారింది.

స్టేజీ మీద ఇటు ఒక్క కుర్రాడు, అటు ఆర్కెస్ట్రా మొత్తం. "అభిమన్యుడమ్మా. బయటికి రావడం తెలుసంటావా?" అని గుసగుసలాడారు నాన్న. తలలు లెక్కపెట్టబోయి మూడో వరసలోనే మానేశారు. రెండు వేల ఎనిమిది వందల సీట్లు మరి.

ఆవిడ ఎలా పోయిందో నేను ఆయనకి చివరి దాకా చెప్పలేదు. ఆ ఏడాది ఆయనకీ గుండె కొంచెం తేడా చేసి ఉంది. ఫైనల్స్ నుంచి ఇంటికొస్తుంటే తనే అడిగారు. 1976 ఆగస్టు 22, ఏథెన్స్. ఆ రోజు ఏథెన్స్ ఫెస్టివల్‌లో వాషింగ్టన్ నుంచి వచ్చిన నేషనల్ సింఫనీతో వాయించాలి, నడిపేది ఆంటల్ డొరాటి. అదే రోజు గుండెపోటు. నాన్న కిటికీ వైపు తిరిగి కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఊళ్లోనే కదా" అన్నారు. ఇంకేమీ అనలేదు. నేను కూడా రేడియో పెట్టలేదు.

ఆయన 2014లో పోయారు. విజయనగరంలోనే.

నాలుగేళ్ల తర్వాత మా ఆయనతో ఏథెన్స్ వెళ్లాను. అక్రోపోలిస్ ఎక్కే దారిలో ఒక చోట కిందకి చూస్తే హెరోడియన్ కనిపిస్తుంది. రోమన్ల కాలం నాటి రాతి థియేటర్, రెండో శతాబ్దంది. ఏథెన్స్ ఫెస్టివల్ కచేరీలకి అది పెట్టింది పేరు. గైడు సోక్రటీస్ గురించి ఏదో చెబుతున్నాడు. కింద ఇద్దరు పనివాళ్లు రాత్రి కచేరీకి మెట్ల మీద దిండ్లు పరుస్తున్నారు. ఒకడు వేస్తున్నాడు, ఒకడు సర్దుతున్నాడు. ఎండ మండిపోతోంది. నేను దిండ్లు లెక్కపెట్టడం మొదలెట్టాను. నూట పన్నెండు దాకా వచ్చాక గుంపు ముందుకెళ్లిపోయింది, మా ఆయన వెనక్కొచ్చి "ఏం చేస్తున్నావ్?" అన్నారు.

డైరీలో ఆ పేజీ చివరికొచ్చేసరికి నాన్న రాత కొంచెం వంకరపోయింది. "శిష్యులు: ఐరీన్ రాకుమారి. కాళహస్తి, మద్రాసు." దాని కింద "22-8-1976, ఏథెన్స్, కచేరీ రోజు." తర్వాత ఒక గీత. గీత కింద అదే సిరాతో, "రేపు: పెరుగు, కరివేపాకు, పియానో డబ్బాలో నీళ్లు."